మొదటి సంఖ్య

గాజు తలుపు అవతల నా కూతురు పిట్ట పెదాలు సాగదీసి ఏదో అంటోంది. ఇక్కడికి వినపడదు. మాటల టీచరు వీపు, ఆవిడ భుజం పక్కన పిట్ట ఒక జడ, టేబులు మీద నిలబెట్టిన అద్దంలో దాని నోరు, అంతే నాకు కనిపించేది. ఈ గంటసేపూ నేను ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎదురుగోడ మీద నోటిని నిలువుగా కోసి చూపించిన బొమ్మలో ఆ ఎర్రటి నాలుకని చూస్తూ ఉండాలి. మామూలు రోజుల్లో ఈ గంటంటే ఎంత హాయో, ఎవరూ ఏమీ అడగరు, చెప్పులు వదిలేసి కాళ్ళు చాపుకోవచ్చు. ఇవాళ మాత్రం ఒళ్ళు మండిపోతోంది, ఎవరి మీద మండాలో తెలియక నా వేలి మీదే మండుతోంది, ఈ కుడిచేతి చూపుడువేలు, పొద్దున లాటరీకి కీ నొక్కింది ఇదే కదా. నొక్కాను, నా పేరే వచ్చింది. కొండల అవతల కొత్త ఆనకట్ట దగ్గర పంపుల స్టేషన్‌కి మా ల్యాబు నుంచి ఒకరు మూడేళ్ళు వెళ్ళాలి, నలుగురిలో ఆ ఒకరు నేనట. అక్కడ పంపులున్నాయి, క్వార్టర్సున్నాయి, గాలి బాగుంటుందట, మాటల టీచరు మాత్రం లేదు. చుట్టుపక్కల ఎక్కడా లేదు, మధ్యాహ్నం తిండి కూడా తినకుండా ఫోన్ల మీద ఫోన్లు చేసి కనుక్కున్నాను. ఐదేళ్ళు వచ్చేదాకా నోరు తెరవని పిల్ల, చూసినవాళ్ళంతా ఇక ఇంతే అని తీర్మానించేసిన పిల్ల, ఈ గదిలోకి రావడం మొదలుపెట్టాక అమ్మ అంది, వద్దు అంది, అత్త అంది, మొన్న వంటింట్లోకి వచ్చి నీళ్ళు కావాలి అని రెండు మాటలు కలిపి అంటే నా చేతిలో గిన్నె జారి కింద పడింది. ఇప్పుడు ఆపితే వచ్చినవి కూడా పోతాయమ్మా అని టీచరు ముందే చెప్పింది. పోనీ పిల్లని వాళ్ళ నాన్న దగ్గర వదిలి నేనొక్కదాన్నే వెళ్దామా అంటే అదీ కుదరదు, పిట్ట కొత్త మాట నా పెదాలు చూసే పలుకుతుంది, ఇంకెవరు ఎంత నోరు తెరిచి చూపించినా మొహం తిప్పేసుకుంటుంది. ఉద్యోగం మానేస్తే ఈ గంటకి ఫీజు కట్టే దారే లేదు. ఎటు తిప్పి చూసినా నా పిల్ల నోరే మూతపడుతోంది.

మనం ఎవర్ని అంటామే, యంత్రం తీసింది, యంత్రానికి నీ మీద పగా ప్రేమా ఏమన్నా ఉంటాయా, అని వదిన నా వీపు నిమిరింది, పొద్దున, బాత్రూంలో కుళాయి తిప్పి, బయటికి వినపడకుండా. తనూ ఏడ్చింది. ముక్కు తుడుచుకోమని తన రుమాలు ఇచ్చింది, అది ఇంకా నా సంచిలోనే ఉంది, తడిగా. వదిన అంటే మా అన్నయ్య భార్య, కానీ నాకు అన్నయ్యకంటే వదినే ఎక్కువ, ఎందుకంటే అన్నయ్య నోటినుంచి మాట రావాలంటే ముందు అర్జీ పెట్టుకోవాలి. నన్ను ఈ ల్యాబులో పెట్టించింది వదినే. పంపులు పరీక్షించే ల్యాబు, తను ఇంజినీరు, నేను గేజి ముల్లు ఎంత చూపిస్తే అంత రాసుకునేదాన్ని. తరవాత ముళ్ళు పోయి సెన్సర్లొచ్చాయి, ఇకనుంచి అన్నీ కంప్యూటర్లో లెక్కల భాషలోనే అన్నారు, అది రానివాళ్ళు ఇంకో పని చూసుకోవచ్చన్నారు. నా పుట్టి మునిగిందనుకున్నాను. నాకు ఎక్కాలే పన్నెండు దాటితే తడబాటు. ఆ వారమే వదిన తన పాత లాప్‌టాప్ తెచ్చి మా వంటింటి బల్ల మీద పెట్టి, ఉల్లిపాయలు పక్కకి జరిపి, కూర్చో అంది. మ్యాట్రిక్స్ అంటే ఏంటో తెలుసా, కోడిగుడ్ల ట్రే అంతే, అడ్డవరసలు, నిలువువరసలు, మూడో వరసలో రెండో గుడ్డు కావాలంటే మూడు కామా రెండు అని అడుగు, ఇస్తుంది. నిజంగానే ఇచ్చింది. రెండు ట్రేలు కూడమంటే గుడ్డుకి గుడ్డు కూడేసింది. నేను చిన్నపిల్లలా పకపకా నవ్వాను. ప్రతి ఆజ్ఞ చివరా సెమికోలన్ పెడితే లోపల లెక్క జరుగుతుంది గానీ బయటికి చెప్పదు అంది వదిన, అచ్చం మీ అన్నయ్యలాగా అంది. ఆ నవ్వుకి పిట్ట కూడా బల్ల కింద నుంచి తల బయటపెట్టి చూసింది. అప్పటికి దానికి ఒక్క మాట కూడా లేదు.

ఎన్ని సాయంత్రాలు వచ్చిందో. తన ఇంట్లో పని వదిలేసి, వానలో కూడా, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేది. లూపు అర్థం కాక నేను విసుక్కుంటే తను విసుక్కునేది కాదు, తొక్కుడుబిళ్ళ ఆడినట్టు నన్ను గదిలో గడులు గీసి గెంతించింది, ఇదిగో ఒకటో గడి, పని చెయ్, రెండో గడిలోకి గెంతు, పని చెయ్, గడులు అయిపోయాయా, బయటికొచ్చెయ్, ఇదే లూపంటే. ఈ వయసులో గెంతులేంటి వదినా అంటే, మెదడుకి ఎక్కాలంటే ముందు మోకాళ్ళకి ఎక్కాలే అంది. తరవాత గ్రాఫులు. సంఖ్యల బారు ఒకటి ఇస్తే కొండల్లా గీత గీసి చూపించేది ఆ భాష, పంపు బేరింగు అరిగిపోతుంటే ఆ గీతలో సన్నగా పంటినొప్పిలాంటి పోటు ఒకటి కనిపించేది, అది పట్టుకునే ప్రోగ్రాం నేను రాశాను, నా మొదటి ప్రాజెక్టు, మేనేజరు మెచ్చుకున్నాడు. రెండో ప్రాజెక్టు ఆఫీసుది కాదు. పంపు గొంతు పట్టినదానివి పిట్ట గొంతు పట్టలేవా అంది వదిన. పట్టాం. పిట్ట అ అంటే ఎలా ఉంటుంది, నేను అ అంటే ఎలా ఉంటుంది, రెండు గీతలు ఒకదాని కింద ఒకటి. పిట్ట ఆ తెరని చూసి, తన గీత నా గీతలా రావాలని పంతం పట్టి, మళ్ళీ మళ్ళీ అరిచేది. టీచరు ఆ గ్రాఫులు అడిగి తీసుకుంది. పిట్ట ఏ మాట సరిగ్గా పలికినా వదిన రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టేది, ఇల్లు ఎగిరిపోయేలా, పిట్ట అందుకోసమే ఇంకోసారి అనేది. అలాంటి మనిషిని, ఆ చేతుల్ని, నేను ఇప్పుడు ఏమని అనుకోవాలి. ఆగు, తొందరపడకు, ఇంకా ఏమీ తెలియదు కదా, ఒకసారి చూద్దాం.

ఏం చూస్తాను, ఏడిసినట్టుంది. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తెరిచాను, అంతే. ఇంకోసారి వేసి ఉంటే ఎవరొచ్చేవారో చూద్దామని, ఒట్టి కడుపుమంట. లాటరీ ఆలోచన మేనేజరుది కాదు, వదినది. ఎవర్ని పంపినా వాళ్ళు నన్ను తింటారు అని ఆయన తల పట్టుకుంటే, చీట్లు వేద్దాం సార్, కాగితం చీట్లయితే ఎవరో మడత గుర్తుపట్టారంటారు, ప్రోగ్రాంతో వేద్దాం, రాయడం మా మరదలు రాస్తుంది, తనకీ అభ్యాసం అవుతుంది అంది. నాకు గర్వంగా ఉండింది, సిగ్గులేకపోతే సరి. వదిన దగ్గర కూర్చుని రాశాను. కళ్ళకి గంతలు కట్టుకుని తీసే సంఖ్య ఒకటి ఉంటుంది ఆ భాషలో, సున్నాకీ ఒకటికీ మధ్య ఏదో ఒకటి ఇస్తుంది, దాన్ని నాలుగుతో హెచ్చవేసి పైకి సరిచేస్తే ఒకటి నుంచి నాలుగులోపు ఏదో ఒక సంఖ్య, ఆ సంఖ్య ఉన్నవాళ్ళు వెళ్ళాలి. పేర్లు ఏ వరసలో కొట్టను వదినా అంటే, నీ ఇష్టం అంది, నవ్వుతూ. ముందు పెద్దావిడ, ల్యాబులో అందరికంటే సీనియరు కాబట్టి. రెండు, మేం కళ్ళజోడు అని పిలుచుకునే అమ్మాయి, తనూ నాకంటే ముందు చేరింది. మూడు వదిన. నాలుగు నేను. మన పేరు మనం ముందు వేసుకుంటే ఏం బాగుంటుంది, ఇంట్లో వడ్డించినా నా కంచం ఆఖరే, గ్రూపు ఫొటో తీస్తే చివర నించుని సగం తెగిపోతానని వదిన ఎప్పుడూ ఏడిపిస్తుంది. పరీక్షించాను కూడా, నేనేమన్నా తక్కువదాన్నా, పదివేలసార్లు లూపులో తిప్పి ఎవరికి ఎన్నిసార్లు వచ్చిందో స్తంభాల గ్రాఫు గీశాను, నాలుగు స్తంభాలూ దువ్వినట్టు సమానంగా వచ్చాయి. ఆ గ్రాఫు చూసే కదా అందరూ నమ్మారు. పెద్దావిడ అయితే ఇంత ధర్మంగా ఏదీ ఉండదమ్మా అని నా తల నిమిరింది.

పొద్దున మేనేజరు గదిలో వదిన అన్న మాట ఇప్పుడు చెవిలో మోగుతోంది. ప్రోగ్రాంని పూర్తిగా మూసి మళ్ళీ తెరువే, నిన్నటివి ఏవీ లోపల ఉండకూడదు, శుభ్రంగా మొదలుపెడదాం. ఎంత పద్ధతైన మనిషి అనుకున్నాను. మూశాను, తెరిచాను, నొక్కాను. ఇందాక ఈ కుర్చీలోనూ అలాగే తెరిచి నొక్కాను. తెర మీద పెద్దగా సంఖ్య, దాని కింద పేరు. నేను. నా తలరాత అనుకుని ఇంకోసారి నొక్కాను. నేను. మూడోసారి పెద్దావిడ. అమ్మయ్య అనుకున్నాను, చూడు, ఎంత పిచ్చిదాన్నో. తరవాత నేను, తరవాత వదిన. వదిన పేరు చూసి, ఛ, ఈ ఒక్కటి ముందొచ్చి ఉంటే అనుకుని, మళ్ళీ వెంటనే తప్పనిపించి మూసేశాను. ఊరికే ఉండలేక మళ్ళీ తెరిచాను. నేను, నేను, పెద్దావిడ, నేను, వదిన. ఇందాకటి వరసే కదా ఇది. మూశాను, తెరిచాను. నేను, నేను, పెద్దావిడ, నేను, వదిన. టీచరు గది పక్కన నీళ్ళ క్యాను బుడగ వదిలింది. నేను, నేను, పెద్దావిడ, నేను, వదిన. ఎన్నిసార్లు తెరిచినా పాఠం అప్పజెప్పినట్టు అదే వరస. అంటే దీనికి గంతలే లేవు. దీని లోపల ముందే రాసిపెట్టిన సంఖ్యల బారు ఒకటుంది, తెరిచిన ప్రతిసారీ మొదటినుంచి అదే చదువుతుంది. మధ్యలో పదివేలసార్లు తిప్పితే స్తంభాలు సమానంగా వస్తాయి, ఎందుకు రావు, కానీ తెరవగానే మొట్టమొదట వచ్చేది ఎప్పుడూ ఒక్కటే. భాషతో వచ్చే సహాయం పేజీలు తెరిచి చూశాను, ఉంది, పచ్చిగా రాసి ఉంది, కొత్తగా తెరిచినప్పుడు అదే వరస వస్తుంది, అలా రాకూడదంటే గడియారం చూసి కలుపుకోమని ముందు ఒక్క లైను రాయాలట. ఒక్క లైను. వదిన నాతో రాయించని లైను.

వదినకి తెలియదేమో. పాపం తనూ మర్చిపోయిందేమో, ఎంత పెద్ద ఇంజినీరైనా మనిషే కదా, ఎవరికైనా పొరపాటు జరగదా. కాసేపు అలా అనుకుని ఊపిరి తీసుకున్నాను, నిజంగా, ఈ గోడ మీది నాలుక సాక్షిగా, తనని కాపాడటానికి నా బుర్రలో ఉన్న తెలివంతా ఖర్చుపెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది. మొదటిరోజు. గుడ్ల ట్రే కంటే ముందు. ఉల్లిపాయలు పక్కకి జరిపాక, పెన్ను తీసి తన అరచేతిలో ఏదో రాసుకుని, గుప్పెట మూసి, ఇప్పుడు నేను మంత్రం వేస్తా చూడు అంది వదిన. లాప్‌టాప్ తెరిచింది. ఈ యంత్రం మనసులో ఉన్న సంఖ్య ఇప్పుడు బయటికొస్తుంది, అదేంటో నాకు ముందే తెలుసు అంది. నొక్కింది. సున్నా పాయింటు ఎనిమిది ఒకటి నాలుగు ఏడు. గుప్పెట తెరిచింది. సున్నా పాయింటు ఎనిమిది ఒకటి నాలుగు ఏడు. నా నోరు అలా తెరుచుకునే ఉండిపోయింది, ఎలా వదినా, ఎలా, అని చెయ్యి పట్టుకుని బతిమాలాను. అదంతా నీకు తరవాత చెప్తాలే, మొదటిరోజే గుట్టు విప్పేస్తే గురువుకి విలువేముంటుంది, అంది. నేను మళ్ళీ అడగలేదు. దాన్ని నాలుగుతో హెచ్చవేస్తే మూడు దాటుతుంది, పైకి సరిచేస్తే నాలుగు. ఎక్కాలు రానిదాన్ని, ఈ ఒక్క ఎక్కం మాత్రం ఇప్పుడు నోటికొచ్చేసింది.

నమ్మించి గొంతు కోసింది. వేరే మాట లేదు. చీట్లు నిజంగా వేసి నా పేరొస్తే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని, వదిన పేరొస్తే తనతో కలిసి ఏడ్చేదాన్ని. తనకి వచ్చే నెల చీఫ్ ఇంజినీరు పోస్టుకి ఇంటర్వ్యూ ఉంది, కొండల అవతలికి పోతే ఆ కుర్చీ పోతుంది, నాకు తెలుసు, ఆ ఇంటర్వ్యూకి ఏ చీర కట్టుకోవాలో కూడా ఇద్దరం కలిసే అనుకున్నాం. నోరు తెరిచి నన్ను ఏదో ఒకటి చెయ్యవే అని అడిగి ఉంటే ఏం చేసేదాన్నో, ఏమో, ఏదో ఒకటి చేసేదాన్ని. అడగలేదు. నాలుగో పేరు పెద్దావిడదైతే ఆవిడ యూనియన్ని తీసుకొచ్చి గుమ్మంలో కూర్చోబెట్టేది. కళ్ళజోడుదైతే ప్రోగ్రాం ఏదీ చూపించండి అని లైను లైనూ గోకేది. నేనైతే రుమాలు తీసుకుని ముక్కు తుడుచుకుంటాను. అంత లెక్క వేసింది. నేను పేరు చివర వేసుకుంటానని తెలిసి వరస నాకే వదిలింది, నా మర్యాదనే నా మెడకి తాడు చేసి, లాగే పని కూడా నా వేలికే అప్పగించింది. దాని తరవాత బాత్రూంలో ఏడ్చిందే, ఆ ఏడుపు మాటేమిటి. అది దొంగ ఏడుపైతే నాకు కొంచెం నయంగా ఉండేది. నిజం ఏడుపే. నాకు తెలుసు, వదిన దొంగ ఏడుపు ఏడిస్తే ఎడమకన్ను తడవదు. వానలో వచ్చిన వదినా నిజమే, గడులు గీసి గెంతించిన వదినా నిజమే, పిట్ట గొంతులో ఏ గీత ఎక్కడ వంగుతుందో నాతో సమానంగా తెలిసిన మనిషి, ఆ గీత ఆగిపోతుందని తెలిసీ, శుభ్రంగా మొదలుపెడదాం అంది. ఇన్నాళ్ళూ తను నేర్పినదంతా తిరిగి ఇచ్చేయాలనిపిస్తోంది, ట్రేలో గుడ్లు ఒక్కొక్కటే తీసి తన చేతిలో పెట్టి, ఇదిగో వదినా, నీది నీకు. కానీ ఇచ్చేస్తే రేపు దేనితో మాట్లాడతాను. రేపు పొద్దున మేనేజరు గదిలో ఆ నలుగురి ముందూ తెరుస్తాను, మూస్తాను, మళ్ళీ తెరుస్తాను, పెద్దావిడ చూసేదాకా, కళ్ళజోడు చూసేదాకా, గడియారం లైను రాసి మళ్ళీ చీట్లు వేసేదాకా కదలను. నా పేరే మళ్ళీ వస్తే రానీ, అది నిజంగా వచ్చినదవుతుంది.

గాజు తలుపు తెరుచుకుంది. పిట్ట పరుగెత్తుకొచ్చి నా ఒళ్ళో తల దూర్చింది, చెంప మీద అద్దానికి ఆనించిన చల్లదనం. టీచరు తలుపు దగ్గరే నిలబడి, ఇవాళంతా ల మీదే కుస్తీ పట్టామమ్మా, నాలుక పైకి లేవనంటోంది, పాలు అంటే పాయు, నాలుగు అంటే నాయుగు, ఇంట్లో మీరు చూపిస్తూ ఉండండి, అంది. అంతలో మెట్ల మీద ఆ అడుగులు, ఎక్కడైనా పోల్చుకుంటాను, మడమ కొంచెం ఈడ్చే అడుగులు. ఇవాళ మనసు బాగాలేదు కదా, కార్లో ఇంటి దగ్గర దింపుతానని పొద్దునే అంది.

"ఇంకా అదే ఆలోచనా? మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో," అంది వదిన, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ. "నేను కనుక్కుంటున్నాలేవే. అక్కడికి నెలకోసారి ఎవరైనా టీచరు వచ్చేలా ఏదో ఒకటి చూద్దాం. లే, పద."

నేను లేవలేదు. ఒళ్ళోని లాప్‌టాప్‌లో ప్రోగ్రాంని పూర్తిగా మూసి, మళ్ళీ తెరిచాను. సంచిలోంచి పెన్ను తీశాను, దాంతో పాటు ఆ తడి రుమాలూ వచ్చింది, దాన్ని వదిన చేతిలో పెట్టాను. పిట్ట అరచెయ్యి విప్పి, మధ్యలో ఒక అంకె వేసి, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి గుప్పెట మూశాను. చక్కిలిగింతకి పిట్ట కిచకిచ నవ్వింది.

"మంత్రం వేస్తా చూడు వదినా," అన్నాను. "ఈసారి నువ్వే నొక్కు."

వదిన చూపు పిట్ట గుప్పెట మీద ఆగిపోయింది. తాళంచెవి తిరగడం మానేసింది. తన మొహంలో రంగు ఎలా పోతుందో నేను ఎప్పుడూ చూడలేదు, అంత దగ్గరి మనిషిని. గొంతు తగ్గించి, "నీకెవరు చెప్పారు?" అంది.

"నువ్వే చెప్పావు. మొదటిరోజే."

వదిన కీ వైపు చెయ్యి చాపలేదు. పిట్టకి మా ఇద్దరి ఆలస్యం నచ్చలేదు, కీ నొక్కడం ఎప్పుడూ దాని హక్కే, రెండో చేత్తో అందుకుని టక్కున నొక్కేసింది. తెర మీద పెద్ద అంకె వచ్చింది. పిట్ట దాన్ని చూసింది, నన్ను చూసింది. నేను నోరు తెరిచి, నాలుక కొస పై పళ్ళ వెనక ఆనించి, ఊరికే అలా పట్టుకున్నాను, చప్పుడు చేయకుండా. పిట్ట నా నోట్లోకి చూస్తూ తన నాలుక ఎత్తింది.

"నాలుగు," అంది.

స్పష్టంగా, గదంతా వినపడేలా. తరవాత గుప్పెట విప్పి అరచేతిలో అదే అంకె చూసి ఆశ్చర్యపోయి, ఇంకా గట్టిగా, "నాలుగు!" అంది, అత్త వైపు తిరిగి. వదిన రెండు చేతులూ అలవాటు కొద్దీ పైకి లేచాయి. చప్పట్లు కొట్టబోయి, గాల్లో సగంలో ఆగిపోయాయి. పిట్ట వాటికేసి చూస్తూ ఎదురుచూస్తోంది.

"కొట్టు వదినా," అన్నాను. "పిల్ల సరిగ్గానే చెప్పింది."